దీపావళి నుంచి శివరాత్రి దాకా: ఈత లేని నెలల్లో స్విమ్మింగ్ పూల్

కర్నూలు నుంచి కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు వస్తుంటే, ఒకప్పుడు వరి, శనగ, పత్తి చేలు తప్ప మరొకటి కనిపించని చోట ఇప్పుడు తోటల మధ్య కొత్త ఇళ్లు లేస్తున్నాయి. వాటిలో కొన్నింటికి వెనకవైపు చిన్న స్విమ్మింగ్ పూల్ కూడా ఉంటోంది. వేసవి సెలవుల్లో పిల్లలు అందులోంచి బయటికి రారు. దసరా సెలవులు అయిపోయాక దాని వంక చూసేవాళ్లుండరు. దీపావళి నుంచి, చలి శివ శివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి దాకా దాదాపు నాలుగు నెలలు ఆ నీళ్లు అలాగే ఉంటాయి. ఈ అధ్యాయం ఆ నాలుగు నెలల గురించి.

ఇంత పెద్ద పుస్తకంలో పూల్‌కి ఒక అధ్యాయమా అని మీకు అనిపించవచ్చు. వాడే వస్తువును అందరూ బాగానే చూసుకుంటారు. వాడని రోజుల్లో ఎలా చూసుకుంటామన్న దగ్గరే మన అలవాట్లు బయటపడతాయి. పూల్ ఉన్నవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. లేనివాళ్లకు ఇంట్లో సంపు ఉంటుంది, మిద్దె మీద ట్యాంకు ఉంటుంది, తోటలో తొట్టి ఉంటుంది. ఇక్కడ చెప్పే వాటిలో సగం వాటికీ వర్తిస్తుంది.

ముందు ఒక పెద్ద పొరపాటు తొలగించుకోవాలి. చలికాలానికి పూల్‌ను ఎలా సిద్ధం చేయాలని ఫోన్‌లో వెతికితే వచ్చే వీడియోలన్నీ మంచు కురిసే దేశాలవి. మన ఇళ్లలో ఎవరో ఒకరు న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉంటారు, వాళ్లూ అదే చెబుతారు. న్యూజెర్సీలో నీటిమట్టం దించి, పైపుల్లో ఉన్న నీటిని గాలితో ఊది బయటికి పంపి, బిరడాలు బిగించి, పైన మందపాటి కవర్ కప్పి వేసవి దాకా మూసేస్తారు. వాళ్లకు అది అవసరమే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఇనుప పైపైనా పగులుతుంది. డల్లాస్‌లో మామూలుగా అంత చలి ఉండదు కాబట్టి చాలామంది పూల్ మూయరు, మంచు పడే రాత్రి పంపు ఆడిస్తూ ఉంటారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుఫాను ముంచేసి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు పంపులు ఆగిపోయాయి, ఎన్నో ఇళ్లలో పూల్ పైపులూ ఫిల్టర్లూ పగిలిపోయాయి. అక్కడి తెలుగువాళ్లకు ఆ వారం బాగా గుర్తుంటుంది.

నంద్యాలలో జనవరి తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సిందే కానీ, మధ్యాహ్నానికి మళ్లీ 30 డిగ్రీల దగ్గరికి ఎండ వస్తుంది. నీళ్లు గడ్డకట్టే మాటే లేదు. అంటే వాళ్ల భయం మనకు లేదు. మనకున్న భయాలు వాళ్లకు తెలియవు. పాచికి మన చలికాలం చాలినంత వెచ్చగా ఉంటుంది. దోమకు ఇంకా బాగుంటుంది. కాళ్ల కింద ఉన్నది నల్లరేగడి. ఎవరి పద్ధతి అయినా మన నేలకు, మన నీళ్లకు, మన ఎండకు సరిపోతుందా అని చూసుకున్నాకే చేతుల్లోకి తీసుకోవాలి. మిగతాదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఖాళీ చేయకండి

"పూల్ ఖాళీ చేసేద్దామా సార్?" దీపావళి మర్నాడు తోట చూసుకునే మనిషి అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగడంలో అతని తప్పేం లేదు. వాడని తొట్టిని కడిగి బోర్లించడం మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటు. "వద్దప్పా, నీళ్లుండనీ" అని చెప్పండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి, లేకపోతే మీరు ఊరెళ్లినప్పుడు మంచి చేస్తున్నాననుకుని మోటారు వేసేస్తాడు.

లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న చిన్న పూల్ అనుకోండి. 800 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి కాబట్టి మొత్తం సుమారు 22,650 లీటర్లు, బరువు ఇరవై రెండున్నర టన్నుల పైమాటే. ఈ బరువు లోపలి నుంచి పూల్‌ను కిందికి నొక్కి పట్టి ఉంచుతుంది. బయట నేలలో ఊట నీళ్లు పైకి వస్తే అవి అడుగు నుంచి పూల్‌ను పైకి తోస్తాయి. ఊట పూల్ అడుగుకు రెండు అడుగుల ఎత్తున ఉంటే ఆ తోపు దాదాపు 11 టన్నులు. నేలమట్టం దాకా వస్తే 22 టన్నులు దాటుతుంది. లోపల నీళ్లున్నంతసేపు రెండూ సరిపోతాయి. ఖాళీ చేసిన రోజున కింది నుంచి తోసేదే మిగులుతుంది. ఫైబర్ పూల్ అయితే నేలలోంచి తేలి పైకి లేస్తుంది. కాంక్రీటుదైతే అడుగు ఉబ్బి పగులుతుంది, టైల్స్ లేచిపోతాయి, గోడకూ గచ్చుకూ మధ్య సందు పడుతుంది.

మన దగ్గర ఊట ఎప్పుడు పైకి ఉంటుంది? సరిగ్గా ఈ నెలల్లోనే. నైరుతి వానలు పోయి ఈశాన్య వానలు వచ్చి, బంగాళాఖాతంలో తుఫాను పడితే నవంబర్‌లోనూ కుండపోత కురుస్తుంది. పైగా సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా వెళ్లే కేసీ కాలువ, తెలుగుగంగ, ఎస్సార్‌బీసీ కాలువలు మన పొలాల మధ్య నుంచే పారుతుంటాయి. కాలువలో నీళ్లున్నన్ని రోజులు చుట్టుపక్కల బావుల్లో మట్టం ఎలా లేస్తుందో ఆయకట్టు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఇక రేగడి సంగతి. వాన వెనక్కి తగ్గాక, నేలలో మిగిలిన పదును మీదే శనగ పంట తీస్తాం. ఒక పంటకు సరిపడా తేమను కడుపులో దాచుకునే నేల అది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పు నెర్రెలు విచ్చుతుంది. ఉబ్బిన రేగడి పక్కనుంచి గోడలను నొక్కుతున్నప్పుడు లోపలి నుంచి ఎదురు నిలబడేది నీళ్లే.

మన పెద్దవాళ్లు ఈ లెక్కలు కాగితం మీద వేయకపోయినా తమ పనిలో పాటించారు. దిగుడుబావి పూడిక ఎప్పుడు తీసేవాళ్లు? నిండుగా ఉన్న కార్తీకంలో ఎవరూ తీసేవాళ్లు కాదు. ఎండలు ముదిరి, నీళ్లు అడుగంటి, పొలం పనులు లేని రోజుల్లో, తొలకరికి ముందు తీసేవాళ్లు. మట్టి ఆరి ఉంటుంది, ఊట తక్కువగా ఉంటుంది, దిగిన మనిషికీ కట్టిన రాతికీ క్షేమం. అదే బావుల్లో నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్న తరం ఇప్పుడు తాతలైంది. పూల్‌ను పూర్తిగా తోడి, టైల్స్ సందులు పూడ్చి, అడుగు కడిగే పని మీకు ఉందనుకోండి. దాన్ని మే నెలకు పెట్టుకోండి. అప్పటికైనా తోటలో బావి ఉంటే తొంగి చూసి, లేకపోతే పక్క చేను రైతును అడిగి, ఊట పూల్ అడుగు కంటే కింద ఉందని రూఢి చేసుకున్నాకే మోటారు వేయండి. కొన్ని పూల్స్‌కు అడుగున ఊట ఒత్తిడిని లోపలికి వదిలేసే వాల్వ్ పెడతారు. మీ దానికి ఉందో లేదో కట్టిన కాంట్రాక్టరును ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మనసులో ఉన్న మాట. 22,650 లీటర్లంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. ఏప్రిల్ వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లు రాయలసీమలో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. ఈ సీమలో ఇంటి వెనక అన్ని నీళ్లు పెట్టుకోగలిగామంటే అది భాగ్యం. ఆ నీళ్లను ఏటా మోరీలో పోసి మళ్లీ బోరు వేసి నింపడం ఈ గడ్డ మీద బతికేవాళ్లు చేయాల్సిన పని కాదు. బాగా చూసుకుంటే అవే నీళ్లు ఏళ్ల తరబడి ఉంటాయి.

మహానంది నీళ్లు ఎందుకు అంత తేటగా ఉంటాయి

నంద్యాలవాళ్లకు తేట నీళ్లంటే మహానంది. రుద్రగుండంలోనూ, గోపురం బయట ఉన్న బ్రహ్మగుండం, విష్ణుగుండాల్లోనూ అడుగున పడిన నాణెం పైనుంచి కనిపిస్తుంది. క్లోరిన్ డబ్బాలతో వచ్చిన తేట కాదది. నల్లమల కొండల అడుగు నుంచి ఊట నిరంతరం వస్తూ ఉంటుంది, వచ్చినంత నీరూ బయటికి పారి పొలాలను తడుపుతుంది. నిలవదు కాబట్టి చెడదు. మన ఇంటి పూల్‌కి ఆ ఊట లేదు. దానికి ఊటా పారుదలా రెండూ పంపే. పంపు ఆగిన రోజు నుంచి అది నిలవ నీటి గుంట.

అందుకే చలికాలంలో పంపును పూర్తిగా కట్టేయకూడదు. వేసవిలో రోజుకు 8 గంటలు ఆడిస్తున్నవాళ్లు ఇప్పుడు 3, 4 గంటలు ఆడిస్తే చాలు. గంటకు 8,000 లీటర్లు తోడే పంపు అయితే మన లెక్కలోని పూల్ నీళ్లన్నీ మూడు గంటల లోపే ఒకసారి ఫిల్టర్‌లోంచి తిరిగి వస్తాయి. ఫిల్టర్ మీద ఉన్న ప్రెషర్ మీటరు చూడటం నేర్చుకోండి. శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ ఉందో మార్కర్‌తో గీత పెట్టండి. దానికి 8 నుంచి 10 పీఎస్‌ఐ పైకి పోయిందంటే ఫిల్టర్‌లోని ఇసుకకు మురికి పట్టినట్టు, నీటిని వెనక్కి పంపి కడిగే బ్యాక్‌వాష్ చేయాలి. గాజు గొట్టంలో నీరు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు చేస్తే సరిపోతుంది. ఆ నీళ్లు వీధిలోకీ పక్కవాళ్ల చేలోకీ వదలకండి. క్లోరిన్ విరిగిపోయేదాకా ఒక గుంటలో రెండు రోజులు ఎండలో ఉంచి చెట్లకు పెట్టొచ్చు.

మహానంది గురించి ఇంకో సంగతి. 2019 సెప్టెంబర్‌లో కురిసిన భారీ వానలకు ఆ ఆలయంలోకే వరద నీరు చేరింది. కొండ నుంచి దిగే నీటికి మనం కట్టిన గోడలు లెక్కలోకి రావు. మీ తోటలో వాననీరు ఎటు నుంచి ఎటు పారుతుందో వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఒకసారి నిలబడి చూడండి. పూల్ వైపు పారుతుంటే చుట్టూ జానెడు ఎత్తు కట్ట వేయండి, లేదా పక్కనుంచి చిన్న కాలువ తీయండి. చేలోంచి వచ్చే ఎరువు నీళ్లు ఒక్కసారి లోపలికి వచ్చాయంటే పాచికి అంతకన్నా విందు లేదు.

నీళ్ల పరీక్ష

దీపావళి వెళ్లిన మొదటి ఆదివారం ఈ పని పెట్టుకోండి. టపాసుల బూడిద, కాగితం ముక్కలు, కాలిన కాకరపువ్వొత్తుల తీగలు తప్పకుండా నీళ్లలో ఉంటాయి. ఇనుప తీగ రెండు రోజులుంటే అడుగున తుప్పు మచ్చ వేస్తుంది, ముందు వాటిని ఏరేయండి. జల్లెడ వలతో పైన తేలేవి తీసి, గోడలను బ్రష్‌తో రుద్ది, అడుగున పేరుకున్న మట్టిని వ్యాక్యూమ్‌తో లాగి, అప్పుడు పరీక్ష కిట్ తెరవండి.

పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం. ఆల్కలినిటీ 80 నుంచి 120. కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400. మన బోరు నీళ్లలో చివరి రెండూ తక్కువ కావడం అరుదు, ఎక్కువ కావడమే మామూలు. కారణం కాళ్ల కిందే ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరలకు నంద్యాల షేల్, కోవెలకుంట్ల సున్నపురాయి అనే పేర్లు పెట్టారు. సున్నపురాయిలోంచి వచ్చిన నీరు సున్నాన్ని మోసుకొస్తుంది. నీటిమట్టం దగ్గర టైల్స్ మీద తెల్లని చార కడుతుందే, అదే ఇది. వేపాకు నీళ్లతోనూ సబ్బుతోనూ పోదు. పీహెచ్‌ను 7.6 దాటనివ్వకుండా చూసుకోవడమే మందు.

పీహెచ్ గురించి అంతగా పట్టించుకోవడానికి ఇంకో కారణం ఉంది. క్లోరిన్ ఎంత వేశామన్నది ఒక లెక్క, అందులో ఎంత పనిచేస్తుందన్నది వేరే లెక్క. పీహెచ్ 7.5 దగ్గర ఉంటే వేసినదాంట్లో సగం చురుగ్గా పనిచేసే రూపంలో ఉంటుంది. 8కి చేరితే పావు వంతు మాత్రమే. డబ్బు పెట్టి కొన్న మందులో మూడు వంతులు ఊరికే కూర్చున్నట్టు. పీహెచ్ సరిచేశాకే క్లోరిన్ వేయాలి, ఈ వరస తప్పకూడదు.

పీహెచ్ దించడానికి వాడే ఆసిడ్ దగ్గర మన ప్రాంతపు ప్రమాదం ఒకటుంది. నంద్యాల చుట్టుపక్కల పూల్ గట్టుకు ఎక్కువమంది పరిచేది బేతంచెర్ల బండలు. పాలిష్ పట్టి, నీళ్లు పడితే మెరిసే ఆ బండ కూడా సున్నపురాయే. దాని మీద ఒక చుక్క ఆసిడ్ పడితే చురచురమని తెల్లటి నురుగు లేస్తుంది. నురుగు ఆగాక నీళ్లు పోసి తుడిచి చూడండి, అక్కడ పాలిష్ ఉండదు, వేలితో రాస్తే గరుకు తగులుతుంది. దాన్ని మళ్లీ పట్టించాలంటే బండ మొత్తం రుద్దాలి. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన బొమ్మలు పూల్ పక్కన నిలబెట్టుకున్నవాళ్లు కూడా జాగ్రత్త. ఆసిడ్ డబ్బాను గట్టు మీద తెరవకుండా, ప్లాస్టిక్ బకెట్లో సగానికి పైగా నీళ్లు పోసుకుని, అందులోకి ఆసిడ్ కొద్దికొద్దిగా వంచి, పంపు ఆడుతుండగా లోతైన వైపు నీటిలోకి బకెట్ దించి మెల్లగా కలపండి. ఎప్పుడైనా నీళ్లలోకి ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే.

క్లోరిన్ సంగతికి వస్తే, మన లెక్కలోని పూల్‌లో 1 పీపీఎం పెంచాలంటే 65 శాతం గ్రాన్యూల్స్ సుమారు 35 గ్రాములు చాలు. దీపావళి తర్వాత ఒకసారి గట్టిగా శుద్ధి చేయాలి. సాయంత్రం పొద్దుగుంకాక 10 పీపీఎం దాకా, అంటే 350 గ్రాములు బకెట్ నీళ్లలో కరిగించి వేసి, రాత్రంతా పంపు ఆడించాలి. పగలు వేస్తే ఎండ తినేస్తుంది. మళ్లీ 3కి దిగేదాకా ఎవరూ దిగకూడదు. ఆ తర్వాత వారానికోసారి చూసి తగ్గినంత వేసుకుంటే సరిపోతుంది, చల్లటి నీళ్లలో ఖర్చు తక్కువే. బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్లూ ఉన్నారు. తాజాదైతే 70, 75 గ్రాములు 1 పీపీఎం ఇస్తుంది. గోతంలో నెలల తరబడి ఉన్నదాంట్లో బలం పోయి ఉంటుంది. దాన్ని నేరుగా చల్లితే అడుగున సున్నం పేరుకుంటుంది. బకెట్లో నానబెట్టి, తేరుకున్నాక పైన తేట మాత్రమే పోయండి.

నీళ్లు ఘాటుగా వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని చాలామంది వేయడం మానేస్తారు. అసలు సంగతి తలకిందులు. చెమట, మూత్రం, మట్టితో కలిసి చేవ చచ్చిన క్లోరిన్‌కే ఆ ఘాటు. అంటే ఇంకా వేయాలని అర్థం.

వేసవంతా తేలే క్లోరిన్ బిళ్లలు వాడినవాళ్లు సైన్యూరిక్ ఆసిడ్ కూడా పరీక్షించుకోండి. బిళ్ల కరిగిన ప్రతిసారీ అది నీటిలో మిగిలిపోతూ వస్తుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. 100 దాటితే క్లోరిన్‌నే కట్టిపడేస్తుంది, ఎంత వేసినా పాచి పోదు. దానికి మందు లేదు, నీళ్లు మార్చడమే దారి. మార్చినా ఒకసారికి మూడో వంతు మించి తీయకండి. వాన బాగా పడుతున్న రోజుల్లో పొంగిపొర్లే నీటితోనే కొంత తగ్గిపోతుంది.

ఈ విషయం పెద్ద అక్షరాలతో గోడ మీద రాసిపెట్టండి: బిళ్లలూ గ్రాన్యూల్సూ ఒకే డబ్బాలో కలపకూడదు, ఒకదానికి వాడిన చెంచా రెండోదానికి వాడకూడదు. రెండూ క్లోరినే కదా అని కలిపితే మంట లేస్తుంది, పేలుతుంది. క్లోరిన్ పక్కన ఆసిడ్ పెడితే విషవాయువు పుడుతుంది. రెండింటినీ రెండు వేర్వేరు గదుల్లో, పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసి ఉంచండి.

శుక్రవారం

ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారాన్ని డ్రై డే అంటారు. వారానికో రోజు ఇంట్లో నిలవ నీళ్లన్నీ పారబోయాలన్నది దాని ఉద్దేశం. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం నుంచి పది రోజులు పడుతుంది, అందుకే వారం. క్లోరిన్ ఉండి నీళ్లు కదులుతున్న పూల్‌లో దోమ పెరగదు. దాని చుట్టూ పెరుగుతుంది. పైన కప్పిన టార్పాలిన్ మడతలో నిలిచిన వాన నీళ్లలో, ఆగిన స్కిమ్మర్ బుట్టలో, పంపు గుంటలో, బోర్లించని బకెట్లో, గాలి పోయిన రబ్బరు ట్యూబ్ లోపల. శుక్రవారం సాయంత్రం పావుగంట వీటికి ఇవ్వండి. అదే పావుగంటలో నీళ్ల పరీక్ష, బుట్ట శుభ్రం, ప్రెషర్ మీటరు అన్నీ అయిపోతాయి.

టార్పాలిన్ నాకు బొత్తిగా ఇష్టం లేదు. నీళ్లు నిలుస్తాయి, గాలికి చిరుగుతుంది, అన్నిటికీ మించి పసిపిల్లవాడికి అది నేలలాగే కనిపిస్తుంది. నర్సరీల్లో వాడే షేడ్ నెట్ కొనుక్కుని, చుట్టూ కొక్కేలకు బిగుతుగా లాగి కట్టండి. ఆకులు ఆగుతాయి, వాన కిందికి దిగిపోతుంది. పూల్ దగ్గర బాదం చెట్టు ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. చలికాలంలో ఎర్రబడి రాలే ఆ పెద్ద ఆకు అడుగుకు అంటుకుని నాలుగు రోజులుంటే ఆకు ఆకారంలోనే గోధుమరంగు మరక దిగుతుంది. నూర్పిళ్ల రోజుల్లో ఎగిరొచ్చే పొట్టు మాత్రం నెట్‌లోంచి కూడా దిగుతుంది, దాన్ని ఫిల్టరే పట్టుకోవాలి.

ఈ శుక్రవారం పనిలో పరీక్ష భాగాన్ని ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వండి. రసాయనాలు ముట్టుకోనివ్వకండి, పరీక్ష కాగితం ముంచి రంగు చూసి నోటుపుస్తకంలో తేదీ, పీహెచ్, క్లోరిన్, నీటిమట్టం రాయడం వరకే. వేసవిలో ఆడుకోవడానికి ఇష్టపడిన దాన్ని చలికాలంలో చూసుకునే బాధ్యత వాళ్లకు అందుతుంది. పెద్దవాళ్ల కన్నా వాళ్లు ఆ పుస్తకాన్ని శ్రద్ధగా రాస్తారు. రాసిన అంకెలు నాలుగు వారాలవి పక్కపక్కన చూస్తే పూల్ ఆరోగ్యం ఎటు పోతోందో మీకు అర్థమవుతుంది.

నీటిమట్టం రాయడం ఎందుకంటే, ఎక్కడైనా కారుతోందేమో పట్టుకోవడానికి చలికాలమే మంచిది, ఆవిరి తక్కువ. అనుమానం వస్తే పంపు ఆపి, ఒక బకెట్‌ను పూల్ మెట్టు మీద పెట్టి, లోపలా బయటా నీళ్లు ఒకే మట్టంలో ఉండేలా నింపి గుర్తు పెట్టండి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరి. పూల్‌లో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. పంపు సీలు, మూత కింద రబ్బరు రింగు మార్చడం వంటి మరమ్మతులు కూడా ఇప్పుడే చేయించండి, మార్చి వచ్చిందంటే మెకానిక్ దొరకడు. రింగుకు సిలికాన్ గ్రీజే రాయమనండి, బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. కరెంటు బోర్డులో, కరెంటు లీకైతే తనంతట పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, దాని పరీక్ష మీట నొక్కితే పడిపోతోందా చూడండి.

కార్తీక మాసంలో తెల్లవారుజామున పూల్‌లోనే స్నానం చేస్తామనే పెద్దలున్నారు. చేయొచ్చు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు మాత్రం చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకకుండా, మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుని మెల్లగా దిగాలి, పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇక మిగిలింది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీటిలో మునిగి చనిపోయినవాళ్లు దాదాపు 3 లక్షల మంది. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల మరణాలకు కారణాల్లో ఇది నాలుగోది. వేసవిలో పూల్ చుట్టూ పది కళ్లు ఉంటాయి. చలికాలంలో ఎవరూ ఉండరు. సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండుతుంది, ఆ పిల్లల్లో సగం మందికి పెరట్లో నీళ్లున్నాయని కూడా తెలియదు. పూల్‌కు నాలుగు వైపులా కనీసం 4 అడుగుల ఎత్తు కంచె, పసిపిల్లవాడి తల దూరనంత ఇరుకు సందులు, వదిలేస్తే దానంతటదే మూసుకునే గేటు, పిల్లల చేతికి అందని ఎత్తులో గొళ్లెం ఉండాలి. కంచె లేకపోతే ఈ ఏడాది క్లోరిన్‌కు పెట్టే డబ్బు ముందు దానికి పెట్టండి. కంచె ఉంటే ఈ సాయంత్రమే లేచి వెళ్లి గేటును సగం తెరిచి వదిలి చూడండి, పూర్తిగా మూసుకుని గొళ్లెం పడకపోతే రేపు పొద్దున్నే వెల్డింగ్ మనిషిని పిలిపించండి.